దేశ రక్షణకు హెవీ రాకెట్ లాంచ్‌ప్యాడ్‌లు ఎన్ని కావాలి? శ్రీహరికోట లెక్క

కావలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. "శ్రీహరికోటలో రెండు లాంచ్‌ప్యాడ్‌లు ఉన్నాయి. దాదాపు 4,000 కోట్లతో మూడోది మంజూరైంది. తమిళనాడులో కులశేఖరపట్నం వస్తోంది. మనం ఏడాదికి చేసే ప్రయోగాలు పది కూడా ఉండవు. ఇన్ని ప్యాడ్‌లు ఎందుకు సార్? రేపు దేశ రక్షణ కోసం పెద్ద రాకెట్లు కావాలంటే ఎన్ని ప్యాడ్‌లు అవసరమో ఎలా లెక్క కడతారు? మన రామాయపట్నం వైపు ఒకటి పెట్టకూడదా?"

మంచి ప్రశ్న బాబూ. ముందు నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో చెప్పాలి. నేను ఇస్రో ఉద్యోగిని కాను. ఉండేది నెల్లూరులో. 29 ఏళ్ళు ఈ తీరం వెంబడి పోర్టు బెర్తులు, భారీ ఉక్కు కట్టడాలు, అతిశీతల ట్యాంకుల పనుల్లో ప్లానింగ్ ఇంజనీరుగా చేశాను. ఉప్పుగాలిలో ఇనుము ఎన్నాళ్ళు నిలుస్తుందో, కాగితం మీద రాసిన సామర్థ్యంలో చేతికి ఎంత వస్తుందో అనుభవం మీద తెలుసు. రాకెట్ల సంగతి మాత్రం అందరికీ తెలిసిన వివరాల నుంచే చెబుతున్నాను.

సూటిగా సమాధానం: మామూలు రోజుల్లో హెవీ రాకెట్‌కు ఒక ప్యాడ్ సరిపోతుంది. రక్షణ అవసరం చేరితే కనీసం రెండు కావాలి, అదీ ఒకటి పేలినా రెండోది చెక్కుచెదరనంత దూరంలో. పాతికేళ్ళ ముందుచూపుతో అయితే ఇంకొకటి పూర్తిగా వేరే తీరంలో ఉండాలి. ఏడాదికి ఎన్ని ప్రయోగాలు అని మొదలుపెడితే మీకు ఈ లెక్క ఎప్పటికీ తేలదు. ప్యాడ్ పాడైన రోజున ఎన్నాళ్ళు ఆగగలం అని మొదలుపెట్టాలి.

మీలాగే చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. రక్షణ కోసం హెవీ రాకెట్ అనగానే క్షిపణి అనుకుంటారు. క్షిపణి పరీక్షలు ఒడిశాలో చాందీపూర్, అబ్దుల్ కలాం దీవి వైపు జరుగుతాయి. 2019 మార్చి 27న ఉపగ్రహాన్ని కూల్చిన మిషన్ శక్తి ప్రయోగం కూడా అక్కడి నుంచే. అందులో కూలిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని మాత్రం అంతకు రెండు నెలల ముందు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ మోసుకెళ్ళింది. పెద్ద రాకెట్ సైన్యానికి చేసే సాయం అదే, ఉపగ్రహాలను పైకి చేర్చడం. నౌకలు, విమానాలు మాట్లాడుకోవడానికి, సరిహద్దును పైనుంచి చూడటానికి అవే ఆధారం.

ఆ ఉపగ్రహాలు బరువెక్కుతున్నాయి. నౌకాదళం కోసం 2013 ఆగస్టులో పంపిన జీశాట్-7ను ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్‌లో పంపాల్సి వచ్చింది. వాయుసేన కోసం జీశాట్-7ఏ 2018 డిసెంబరులో మన జీఎస్ఎల్వీ మీద వెళ్ళింది. నౌకాదళానికే 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని 2025 నవంబరు 2న మన అతిపెద్ద రాకెట్ ఎల్వీఎం3 మన గడ్డ మీది నుంచే పంపింది. ఆ రోజు సాయంత్రం మా మేడ మీద నిలబడి దక్షిణం వైపు చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. పన్నెండేళ్ళ కింద ఇదే పనికి మనం సముద్రాలు దాటి పోయాం. అయినా పని పూర్తి కాలేదు. 4,700 కిలోల జీశాట్-ఎన్2ను 2024 నవంబరులో అమెరికా వాళ్ళ ఫాల్కన్-9 మీదే పంపాం. భూస్థిర బదిలీ కక్ష్యకు, అంటే ఇలాంటి ఉపగ్రహాలు తమ ఎత్తైన చోటికి పోయే దారిలోని మధ్య కక్ష్యకు, ఎల్వీఎం3 మోయగలిగేది నాలుగు టన్నుల తరగతి బరువు మరి. అందుకే భూమికి దగ్గరి కక్ష్యకు 30 టన్నులు మోసే కొత్త రాకెట్ ఎన్‌జీఎల్వీకి 2024 సెప్టెంబరులో, దాని కోసం మూడో ప్యాడ్‌కు 2025 జనవరిలో కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. ప్యాడ్ ఖర్చు 3,984.86 కోట్లు, గడువు నాలుగేళ్ళు.

ఇప్పుడు లెక్కకు వద్దాం.

ప్యాడ్ సామర్థ్యం అంటే ఒక్కో ప్రయోగానికి అది ఎన్ని రోజులు నిండి ఉంటుందన్నదే. నేను ఉదాహరణకు కొన్ని అంకెలు తీసుకుంటాను. ఏడాదికి 365 రోజులు. పెద్ద మరమ్మతులు, తనిఖీలకు 60 తీసేయండి. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల వల్ల పోయేవి 40. చివరి నిమిషంలో వాయిదా పడి రాకెట్ ప్యాడ్ మీదే నిలిచిపోయే రోజులు 25. మిగిలేవి 240. ఒక్కో ప్రయోగానికి ప్యాడ్ 40 రోజులు నిండి ఉంటే ఏడాదికి ఆరు ప్రయోగాలు. దాన్ని 20కి తెస్తే పన్నెండు. కొత్త ప్యాడ్ కట్టకుండానే సామర్థ్యం రెట్టింపయింది.

ఇది ఊహ కాదు, శ్రీహరికోటలో జరిగిందే. మొదటి ప్యాడ్‌లో రాకెట్ భాగాలను ప్యాడ్ మీదే ఒకదానిపై ఒకటి నిలబెట్టేవాళ్ళు. అన్ని వారాలూ ప్యాడ్ నిండిపోయినట్టే. రెండో ప్యాడ్ 2005లో వాడకంలోకి వచ్చినప్పుడు పద్ధతి మారింది. రాకెట్‌ను వేరే భవనంలో కూర్చి, పట్టాల మీద నిలువుగా ప్యాడ్‌కు తెచ్చి, ఇంధనం నింపి పంపుతారు. తర్వాత మొదటి ప్యాడ్‌కూ పీఎస్ఎల్వీ కోసం అలాంటి కూర్పు భవనం కట్టారు. దాంతో ఏడాదికి 6గా ఉన్న దాని సామర్థ్యం 15కు చేరుతుందని ఇస్రో లెక్క. ప్యాడ్ అదే, దాని వెనక ఒక భవనం చేరిందంతే. అందుకే ఎవరైనా ఎన్ని ప్యాడ్‌లు అని అడిగితే నేను ముందు కూర్పు భవనాలు ఎన్ని అని అడుగుతాను.

అయితే ఆ 15ను ప్లాన్‌లో 15గా రాసుకోకూడదు. పోర్టు పనుల్లో మేము నేర్చుకున్న మొదటి పాఠం ఇది. బెర్తు, అంటే ఓడ ఆగి సరుకు దించే చోటు, 70 శాతం దాటి నిండితే బయట లంగరు వేసి ఎదురుచూసే ఓడలు ఒక్కసారిగా పెరిగిపోతాయి. బెర్తు ఒక్కటే అయితే అంతకంటే ముందే ఆ అవస్థ మొదలవుతుంది. ఒక ఓడ ఆలస్యమైతే వెనకున్నవన్నీ జరగాలి. ప్యాడ్ కూడా అంతే. పన్నెండు ప్రయోగాలకు కట్టినదాని మీద నేనైతే ఎనిమిదికి మించి ముందే తేదీలు ఇవ్వను. మిగిలిన నాలుగూ అనుకోని అవసరానికి. రక్షణ వాళ్ళ అవసరం ఎప్పుడూ అనుకోనిదే కదా.

అవసరాన్ని ఉపగ్రహాల వైపు నుంచి లెక్క కట్టాలి. అంతరిక్షం నుంచి నిఘా కోసం 52 ఉపగ్రహాల కార్యక్రమానికి 2024లో ఆమోదం దొరికిందని పేపర్లలో చదివే ఉంటారు. దిగువ కక్ష్యలో తిరిగే నిఘా ఉపగ్రహం ఆయుష్షు సుమారు ఐదారేళ్ళు అనుకోండి. 52ను ఆరుతో భాగిస్తే ఏటా తొమ్మిదింటిని, అవి ఉన్నంతకాలం, మారుస్తూనే ఉండాలి. ఒక పెద్ద రాకెట్ నాలుగైదింటిని ఒకేసారి మోస్తే రెండు ప్రయోగాలు. చూడటానికి తక్కువే. కానీ శత్రువు రెండింటిని దెబ్బతీశాడనుకోండి, లేదా 2025 మే 18న పీఎస్ఎల్వీ-సీ61 విఫలమై భూమిని గమనించే ఈఓఎస్-09 ఉపగ్రహం పోయినట్టు ఒకటి దారిలోనే పోయిందనుకోండి. అప్పుడు సగటు పనికిరాదు. సోమశిల గేట్లను పెన్నా సగటు ప్రవాహం చూసి కట్టలేదు. వరద చూసి కట్టారు.

ప్యాడ్ పాడైతే ఏమవుతుంది? అసలు విషయం ఇక్కడుంది, అందుకే కాస్త నిలిచి చెబుతాను.

2016 సెప్టెంబరు 1న అమెరికాలోని కేప్ కనావెరల్‌లో ప్రయోగానికి ముందు పరీక్ష చేస్తుండగా ఫాల్కన్-9 ప్యాడ్ మీదే పేలింది. ఆ ప్యాడ్ మళ్ళీ పనిచేసింది 2017 డిసెంబరులో. పదిహేను నెలలు. ఆ రాకెట్ కంపెనీ స్పేస్ఎక్స్ నిలబడింది ఎందుకంటే పక్కనే 39ఏ అనే ఇంకో ప్యాడ్ చేతిలో ఉంది, 2017 ఫిబ్రవరి నుంచి అక్కడి నుంచి ఎగరగలిగారు. దీనికి ఎదురు ఉదాహరణ 2025 నవంబరు 27న రష్యా వాడే కజకిస్తాన్‌లోని బైకనూర్‌లో జరిగింది. సోయుజ్ బాగానే వెళ్ళింది, వ్యోమగాములు క్షేమంగా చేరారు. కానీ ప్యాడ్ కింద ఉండే సర్వీసు వేదిక ఊడి, రాకెట్ మంటలను పక్కకు మళ్ళించే మంటల గుంటలో పడింది. రష్యా మనుషులను పంపే ప్యాడ్ అదొక్కటే. రాకెట్‌లో ఏ లోపమూ లేకుండా దేశం మొత్తం ఆ పని ఆగిపోయింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. జీఎస్ఎల్వీ, ఎల్వీఎం3 రెండూ రెండో ప్యాడ్ నుంచే ఎగురుతాయి. మన మనుషులను పంపే గగన్‌యాన్ కూడా అక్కడి నుంచే. ఎల్వీఎం3 బరువు 640 టన్నులు. రెండు పక్కల ఉండే బూస్టర్లలోనే ఒక్కోదానిలో 200 టన్నుల ఘన ఇంధనం. అది ప్యాడ్ మీద పేలితే బరువైన ఉపగ్రహం పంపే దారి మనకు ఆ రోజుతో మూసుకుపోతుంది. మూడో ప్యాడ్ రెండోదానికి తోడుగా కూడా ఉంటుందని క్యాబినెట్ నిర్ణయంలోనే ఉంది. ఆ 4,000 కోట్లు ఎందుకన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. కొత్త రాకెట్ రేపు ఆలస్యమైనా సరే, ఆ ప్యాడ్ మాత్రం త్వరగా సిద్ధం కావాలని నేను కోరుకుంటాను.

పేలుడే అక్కర్లేదు. చిన్న వస్తువు చాలు. చాలా ఏళ్ళ క్రితం తీరంలో ఒక ప్లాంటులో ద్రవ ఆక్సిజన్ పైపులైను పని మాది. మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉండే ద్రవం. ఒక వాల్వు దగ్గర సన్నగా తెల్లటి మంచు గీత కనిపించింది, వెంట్రుక మందం కూడా లేదు. విప్పి చూస్తే గ్యాస్కెట్ అంచు, అంటే అతుకు దగ్గర కారకుండా పెట్టే రింగు అంచు, చిట్లి ఉంది. దాని ధర అప్పట్లో కొన్ని వేలు. అదే సైజు స్టోరులో లేదు, బయటి దేశం నుంచి రావాలి. 47 రోజులు ఆగాం. కోట్ల రూపాయల ప్లాంటు, రెండు వందల మంది మనుషులు, ఒక రింగు కోసం. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ప్రాజెక్టులోనూ విడిభాగాల జాబితాను సామర్థ్యం లెక్కలోనే కలిపి రాశాను. ఒక ప్యాడ్‌కు కావలసిన వాల్వులు, కేబుళ్ళు, బొడ్డుతాడులాంటి ఇంధన గొట్టాలు పూర్తి సెట్టు గోదాములో ఉంటే మీకు పావు ప్యాడ్ ఎక్కువ ఉన్నట్టే.

ఉప్పుగాలి సంగతి నెల్లూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. సముద్రానికి కిలోమీటరు లోపల నేను విప్పించిన 24 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి ఇంకా నా బల్ల మీద ఉంది. పైన రంగు చెక్కుచెదరలేదు. గోటితో గీకితే లోపల అప్పడంలా పొరలు పొరలుగా ఊడొస్తుంది. దీనికి తోడు ఘన ఇంధనం పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ప్రయోగం అయిన ప్రతిసారీ కడగాలి, తట్టి చూడాలి, రంగు వేయాలి. నేను పైన తీసేసిన 60 రోజులు ఎక్కువని ఎవరైనా అంటే ఆ బోల్టు చూపిస్తాను.

మంటల గుంట గురించి ఒక్క మాట. 2023 ఏప్రిల్ 20న టెక్సాస్‌లో స్టార్‌షిప్ మొదటిసారి ఎగిరినప్పుడు కింద కాంక్రీటు పెళ్ళలు లేచి చుట్టూ పడ్డాయి. తర్వాత స్పేస్ఎక్స్ వాళ్ళు నీళ్ళు చిమ్మే ఉక్కు పలక వేశారు. రాకెట్ పెద్దదయ్యే కొద్దీ కింద కట్టేది ముందే పెద్దదిగా కట్టాలి. టవర్‌ను తర్వాత పెంచుకోవచ్చు. గుంటను తవ్వి లోతు చేయడమంటే ప్యాడ్‌ను మూసేయడమే. మూడో ప్యాడ్‌ను ఎన్‌జీఎల్వీకే కాక అంతకంటే పెద్ద రూపాలకూ, సెమీక్రయోజెనిక్ (కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే) దశ ఉన్న ఎల్వీఎం3కీ సరిపోయేలా కడుతున్నారంటే ఆ ఆలోచన సరైనది.

ప్యాడ్ గేటు బయట ఏముందో చూడాలి. ఎన్‌జీఎల్వీ కింది దశలు మీథేన్, ద్రవ ఆక్సిజన్‌తో నడుస్తాయి. ఒక ప్రయోగానికి 600 టన్నుల ఆక్సిజన్ కావాలనుకోండి, ట్యాంకరుకు 20 టన్నుల చొప్పున 30 ట్యాంకర్లు. వాయిదా పడితే ఆవిరైపోయినంత మళ్ళీ తేవాలి. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో వేవ్ వచ్చినప్పుడు ఆసుపత్రుల కోసం పరిశ్రమలకు ఆక్సిజన్ ఆపేశారు. అది న్యాయమే. మహేంద్రగిరిలోని ఇస్రో కేంద్రం కూడా తన ఆక్సిజన్‌ను ఆసుపత్రులకు ఇచ్చింది. కాబట్టి రక్షణ కోసం ఎప్పుడు పిలిచినా కదలాలంటే గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంటు, నెల రోజుల నిల్వ అక్కడే ఉండాలి.

దారి ఇంకో సమస్య. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ మీదుగా షార్‌కు (శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి) వెళ్ళే ప్రధాన రోడ్డు ఒకటే. ఘన ఇంధనం బూస్టర్లను దీవిలోనే పోసి తయారుచేస్తారు కాబట్టి వాటికి భయం లేదు. ద్రవ ఇంధన దశలు మాత్రం తమిళనాడులోని మహేంద్రగిరి నుంచి రోడ్డు మీదే రావాలి. హైవే మీద ఫ్లైఓవర్ల కింద ఎత్తు 5.5 మీటర్లు. ఒకసారి మా ట్యాంకు ట్రైలర్‌తో కలిపి 5.7 వచ్చింది. ఒక ఊరి బైపాసు దగ్గర 19 రోజులు రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పెట్టి, పర్మిషన్ల కోసం తిరిగాం. ఉత్తరం వైపు నుంచి వచ్చే సరుకు సంగతి 2021 నవంబరులో చూశాం. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగాయి. రాకెట్ దశలు లావయ్యే కొద్దీ సముద్రం మీద తెచ్చి దీవికి దించే జెట్టీ గురించి ఇప్పుడే ఆలోచించాలి. అది ప్యాడ్ కంటే చవక.

ఇక సముద్రం. దీని గురించి ఎవరూ రాయరు, నాకు బాధగా ఉంటుంది. ప్రయోగం రోజున రాకెట్ దారిలో పడవలు ఉండకూడదు. రెండేళ్ళ క్రితం తూపిలిపాలెంలో ఒక పెద్దాయనతో ఇసుక మీద కూర్చుని మాట్లాడాను. ముందు రోజు రాత్రే ఫైబర్ బోటులో ఐసు, డీజిలు వేసుకున్నారట. తెల్లవారి వేటకు పోవద్దన్నారు. మర్నాడు ప్రయోగం వాయిదా పడింది. మళ్ళీ వద్దన్నారు. "రాకెట్టు పోవాల్సిందే అయ్యా, మా పిల్లోళ్ళు కూడా మేడెక్కి చూస్తారు. ఐసు కరిగిపోయిన డబ్బులు ఎవరిస్తారు?" అన్నాడు. ఏడాదికి ఆరు ప్రయోగాలైతే ఆ నష్టాన్ని ఊరు భరిస్తుంది. ముప్పై అయితే భరించలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కదా, మరబోట్లు అప్పుడు కట్టే ఉంటాయి. ముందే తెలిసిన బరువైన ప్రయోగాల్లో వీలైనన్ని ఆ 61 రోజుల్లో పెట్టుకుంటే ఈశాన్య రుతుపవనాల తుపాన్ల కాలమూ తప్పుతుంది. మిగతా రోజులకు పరిహారం ప్రయోగం ఖర్చులోనే రాసుకోవాలి. పడవలవాళ్ళ ఒప్పుదల లేకుండా కాగితం మీది 15, 15 కాదు.

రామాయపట్నం మాట. మన ప్రాంతానికి రావాలని నాకూ ఉంటుంది. భూమి తిరిగే వేగం నుంచి దొరికే తోడ్పాటు విషయంలో అడ్డేమీ లేదు. శ్రీహరికోట దగ్గర సెకనుకు సుమారు 452 మీటర్లు, రామాయపట్నం దగ్గర 449. తేడా మూడు మీటర్లే. కష్టం వేరే చోట ఉంది. శ్రీహరికోట దీవి 43,000 ఎకరాలకు పైనే, పశ్చిమాన పులికాట్, తూర్పున సముద్రం. అంత ఖాళీ స్థలం రామాయపట్నం చుట్టూ లేదు. ఊళ్ళున్నాయి, పోర్టు వస్తోంది, ఓడలు తిరుగుతాయి. దుగరాజపట్నంలో పోర్టు కడదామన్నప్పుడు షార్‌కు దగ్గరని అంతరిక్ష శాఖ అభ్యంతరం చెప్పడం మీరు వినే ఉంటారు. పోర్టు, ప్యాడ్ పక్కపక్కన ఇమడవు. పైగా నిఘా ఉపగ్రహాలు ఎక్కువగా ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలోకి వెళ్ళాలి. రామాయపట్నం నుంచి నేరుగా దక్షిణానికి పంపితే దారిలో మన తీరం, చెన్నై. శ్రీహరికోట నుంచే శ్రీలంకను తప్పించడానికి రాకెట్ మధ్యలో మలుపు తిరగాలి, ఆ మలుపులో ఇంధనం ఖర్చై మోసే బరువు తగ్గుతుంది. కులశేఖరపట్నం నుంచి దక్షిణానికి అంతా సముద్రమే, అందుకే అక్కడ పెట్టారు. కానీ అది సుమారు 2,300 ఎకరాల్లో, 500 కిలోల తరగతి ఉపగ్రహాలు మోసే ఎస్ఎస్ఎల్వీ కోసం కట్టేది. హెవీ రాకెట్‌కు కావలసిన భద్రతా దూరం అందులో పట్టదు.

అలాగని దాన్ని చిన్నదిగా చూడకండి. హెవీ ప్యాడ్ మూతపడ్డ నెలల్లో చిన్న ఉపగ్రహాలతో కనీసం కళ్ళు తెరుచుకుని ఉండే ఏర్పాటు అదే. రక్షణ ప్లాన్‌లో నేను దాన్ని సగం హెవీ ప్యాడ్‌గా లెక్కేస్తాను.

మీరు ఇంజనీరింగ్ వైపు వెళ్ళేట్టయితే ఒక పని చేయండి. ఒక నోటుబుక్కులో గత ఐదేళ్ళ శ్రీహరికోట ప్రయోగాల తేదీలు, ఏ ప్యాడ్, ఎన్నిసార్లు వాయిదా అని రాయండి. ఒకే ప్యాడ్ నుంచి వరసగా జరిగిన రెండు ప్రయోగాల మధ్య అతి తక్కువ రోజులు ఎన్నో చూడండి. తర్వాత రెండో ప్యాడ్‌ను పదిహేను నెలలు కొట్టేసి, ఏ ఉపగ్రహాలు ఆగిపోయేవో గుర్తు పెట్టండి. ఆ పేజీ ఇక్కడ పెడితే నేను కూర్చుని చూస్తాను. షార్ 2022లో కాగితం మీద తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ, రాకెట్ లేచిన రోజు మా కిటికీలు ఇప్పటికీ అదురుతూనే ఉన్నాయి.